జాగ్రత్త: "ఏ ఫైలైనా తెరుస్తాం" అంటే నమ్మి డబ్బులు కట్టకండి

పెళ్ళిళ్ళ సీజన్ కాబట్టి ఇప్పుడే రాస్తున్నా. మెయిల్‌లో వచ్చిన అటాచ్‌మెంట్ ఫోన్లోనో ట్యాబ్‌లోనో తెరుచుకోకపోతే, తెరిపిస్తామని డబ్బులడిగే షాపులతోనూ యాప్‌లతోనూ జాగ్రత్త. చాలాసార్లు మీ ఫోన్‌కేం కాదు. పంపినవాళ్ళు మీ ఫోన్‌కి తెలియని రకం ఫైలు పంపారు, అంతే.

మా పిన్ని తెనాలిలో ఉంటుంది. కూతురి శుభలేఖలు అచ్చుకిచ్చింది. డీటీపీ అతను ప్రూఫ్ మెయిల్ చేశానన్నాడు. ట్యాబ్‌లో నొక్కితే ఈ ఫైల్ తెరిచే యాప్ లేదని వస్తోంది. సెల్ రిపేర్ షాపుకి పట్టుకెళ్ళింది. అక్కడి కుర్రాడు అటూ ఇటూ నొక్కి, "ట్యాబ్ పాతదైపోయింది ఆంటీ, సాఫ్ట్‌వేర్ వెయ్యాలి, ఆరొందలవుద్ది" అన్నాడు. వేశాడు కూడా. ఏమిటా సాఫ్ట్‌వేర్ అంటే ప్లే స్టోర్‌లో ఎవరైనా ఊరికే దింపుకోగల యాప్. ట్రయల్ ఫ్రీ అని పిన్ని చేతే యూపీఐ పిన్ కొట్టించాడు. ట్రయల్ గడువు దాటగానే వారం వారం ఖాతాలోంచి 349 రూపాయలు కోత. పోనీ ప్రూఫ్ కనబడిందా అంటే, స్క్రీన్ నిండా ప్రశ్నార్థకాలూ ఖాళీ డబ్బాలూ! మళ్ళీ వెళ్ళి అడిగితే, "అయితే ట్యాబే మార్చాలి, మా దగ్గర కొత్త మోడల్ ఉంది" అన్నాడట. అప్పుడు నాకు ఫోన్ చేసింది.

ఫైల్ పేరు చివర చుక్క తర్వాత ఏముందో చదవమన్నా. పీఎండీ అని ఉంది. అది పేజ్‌మేకర్ అనే, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఫైలు. అడోబ్ వాళ్ళు దాని ఆఖరి వెర్షన్ 7ని 2001లో తెచ్చారు, 2004 నుంచి ఇక దాన్ని ముట్టుకోలేదు. మన డీటీపీ సెంటర్లలో మాత్రం 'అను' అనే తెలుగు ఫాంట్లూ పేజ్‌మేకరూ ఇంకా జంటగా నడుస్తూనే ఉన్నాయి. చెయ్యి అలవాటైన పని, వాళ్ళని తప్పుపట్టను. కానీ ఆ ఫైలు డీటీపీ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్లో తెరవాల్సింది. లక్ష పెట్టి ట్యాబ్ కొన్నా దాని మీద నొక్కితే వచ్చే జవాబు అదే.

పీఎండీ వద్దని వర్డ్‌లో పంపమంటే ఇంకో తంటా. పాత తెలుగు ఫాంట్లు యూనికోడ్ (ఫోన్లన్నీ చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల్ని కూర్చోబెట్టినవి. ఆ ఫాంటు లేని ఫోన్లో "సుముహూర్తము" ఉండాల్సిన చోట డాలర్ గుర్తులూ, బ్రాకెట్లూ, నెత్తిన టోపీలు పెట్టుకున్న ఇంగ్లిష్ అక్షరాలూ కనిపిస్తాయి. అది చూసి ఫైల్ పాడైంది, రికవరీ చెయ్యాలి అని బేరం పెడతారు. ఏమీ పాడవలేదు, ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో చక్కగా కనబడుతుంది. డీటీపీ అతన్ని ఇంతే అడగండి: "పీడీఎఫ్ చేసి పంపండి, ఫాంట్లు లోపలే ఎంబెడ్ చెయ్యండి." ప్రూఫ్ చూసుకోడానికి జేపీజీ అయినా చాలు. పిన్ని ఆ ముక్క చెప్పాక అతను అప్పటికప్పుడే పంపాడు. పెళ్ళికొడుకు తాతగారి ఇంటిపేరులో ళ బదులు ల పడిన సంగతి అప్పుడు బయటపడింది. ఇంకాస్త ఆలస్యమైతే ఆ ల తోనే అచ్చయిపోయేది.

ఇక ఆ కోత. యాప్ తీసేస్తే డబ్బులు కోత పడటం ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. ప్లే స్టోర్‌లో పైన మీ బొమ్మ మీద నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్ళి, అక్కడ క్యాన్సిల్ చెయ్యాలి. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోట కూడా ఒకసారి చూడండి, మీరు మర్చిపోయినవి ఇంకేమైనా బయటపడొచ్చు. డబ్బు కోత పడి 48 గంటలు దాటకపోతే గూగుల్‌కే రిఫండ్ అడిగి చూడండి. దాటితే యాప్ తయారుచేసినవాళ్ళని బతిమాలుకోవడమే. నా మటుకు నాకు, వారానికోసారి డబ్బులు గుంజే యాప్ కనబడితే అది ఏం చేస్తుందో కూడా చదవబుద్ధి కాదు.

ఫైలు తెరుచుకోలేదనే సాకుతో డబ్బులు లాగే సందర్భాలు ఇంకొన్ని ఉన్నాయి. అమెరికాలో ఉన్న పిల్లలు ఐఫోన్ ఫొటోలు పంపితే ఇక్కడ పాత ఆండ్రాయిడ్‌లో రావు. ఫైల్ పేరు తోక, అంటే చివరి చుక్క తర్వాతిది, చూడండి, హెచ్‌ఈఐసీ అని ఉంటుంది. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఆపిల్ ఫొటోల్ని ఆ రకంలో దాస్తోంది, ఆండ్రాయిడ్ 9 కంటే పాత ఫోన్లలో చాలావాటికి అది కొరుకుడు పడదు. వాళ్ళనే సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్ దగ్గర మోస్ట్ కంపాటిబుల్ పెట్టుకోమనండి, ఇక తీసేవన్నీ జేపీజీలే. ఇంతకుముందే తీసిన ఫొటోలైతే జేపీజీగా మార్చి పంపమనాలి.

ఆఫీసుల నుంచి వచ్చే మెయిల్‌లో ఆఫర్ లెటర్ ఉందని రాసి, కింద విన్‌మెయిల్ డాట్ డీఏటీ (winmail.dat) అనే ఫైలొకటి వేలాడుతుంటే అది వైరస్ అని భయపెడతారు. సాధారణంగా అది మైక్రోసాఫ్ట్ వాళ్ళ మెయిల్ సాఫ్ట్‌వేర్ అవుట్‌లుక్ చేసే నిర్వాకం. పంపినాయన మెయిల్‌ని రిచ్ టెక్స్ట్ అనే ఫార్మాట్‌లో రాస్తే అటాచ్‌మెంట్లన్నీ ఆ మూటలోకి వెళ్ళిపోతాయి, అవుట్‌లుక్ కాని కొన్ని యాప్‌లకి ఆ మూట విప్పడం రాదు. ఫార్మాట్‌ని హెచ్‌టీఎంఎల్‌లో పెట్టి మళ్ళీ పంపమని రాయండి. తప్పు వాళ్ళవైపు ఉన్నప్పుడు మొహమాటం దేనికి?

ఈ-ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ అడిగితే నెట్ సెంటర్‌కి పరిగెత్తొద్దు. ఆధార్‌లో పేరు ఎలా ఉందో అలాగే మొదటి 4 ఇంగ్లిష్ అక్షరాలు, అన్నీ పెద్దక్షరాల్లో, పక్కనే పుట్టిన సంవత్సరం. మనకి ఇంటిపేరు పొడి అక్షరం ముందుంటుంది కదా, దానిపక్క చుక్క ఉంటే ఆ చుక్కా లెక్కలోకే వస్తుంది. పి. కుమార్, 1990 అయితే పి, చుక్క, కె, యు, ఆ తర్వాత 1990. పాస్‌వర్డ్ తీసేస్తామనే వెబ్‌సైట్లలోకి ఆధార్ ఎక్కించడమంటే దొంగచేతికి తాళాలివ్వడమే.

25 ఎంబీ దాటితే జీమెయిల్ ఫైలు బదులు డ్రైవ్ లింక్ పెడుతుంది. అక్కడ పర్మిషన్ కావాలని వస్తే రిక్వెస్ట్ పెట్టండి, పంపినవాళ్ళు ఒప్పుకుంటే తెరుచుకుంటుంది. దానికీ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

ఒక్క తోక విషయంలో మాత్రం పంపినవాళ్ళని అడగడాలూ, మళ్ళీ పంపమనడాలూ ఏమీ వద్దు. ఏపీకే, అంటే ఫోన్లో యాప్‌ని ఇన్‌స్టాల్ చేసే ఫైలు. జీమెయిల్ దాన్ని రానివ్వదు కాబట్టి పెళ్ళిపత్రిక అనో, చలానా అనో, బ్యాంకు కేవైసీ అనో పేరు పెట్టుకుని వాట్సాప్‌లో వస్తుంది. తెలిసినవాళ్ళ నంబర్ నుంచే రావచ్చు, వాళ్ళ ఫోన్ అప్పటికే వేరేవాళ్ళ చేతిలో ఉండి ఉంటుంది. తెరవకుండా తీసేసి, పంపినవాళ్ళకి మామూలుగా ఫోన్ చేసి చెప్పండి. పొరపాటున ఇన్‌స్టాల్ అయిపోయి ఖాతాలోంచి డబ్బు కదిలిందంటే ముందు నెట్ ఆపేసి, ఇంకో ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి, బ్యాంకుకీ చెప్పండి. రిపేర్ షాపు సంగతి ఆ తర్వాత.