మనసు బాగోలేనప్పుడు నడకా, బరువులా: ఏది మేలు?

డిప్రెషన్‌కో ఆందోళనకో మాత్రలు రాసిచ్చి, "కాస్త వ్యాయామం కూడా చెయ్యండి" అని డాక్టరు పంపేశాక అందరూ అడిగేది ఒకటే: నడవాలా, జిమ్‌లో చేరాలా, యోగానా? ఫలితాన్ని బట్టి తేల్చుకుందామంటే తేలదు. 2024లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక విశ్లేషణ 218 అధ్యయనాలను, 14 వేల పైచిలుకు మందిని కలిపి చూసింది. నడక-జాగింగ్, యోగా, బరువులు మూడూ డిప్రెషన్‌ను ఓ మోస్తరుగా తగ్గించాయి. వాటి మధ్య తేడా పందెం కాసేంత లేదు, పైగా ఆ అధ్యయనాల్లో చాలావాటి నాణ్యత అంతంతమాత్రం.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న వేరు. అస్సలు బాగోని రోజున ఏది చెయ్యగలరు? డిప్రెషన్‌లో ముందుగా పోయేది పనికి పూనుకునే శక్తి. మంచం మీంచి లేచి వ్యాయామం మొదలయ్యేదాకా ఎన్ని పనులున్నాయో లెక్కపెట్టండి. జిమ్ అయితే బట్టలు మార్చాలి, సీసాలో నీళ్లు పట్టాలి, బండి తాళాలు వెతకాలి, ట్రాఫిక్ దాటాలి, అద్దాల ముందు నలుగురి మధ్య నిలబడాలి, మెషీన్ ఖాళీ అయ్యేదాకా ఆగాలి. నడకకు రెండే: చెప్పులు, తలుపు. ఏడాది ఫీజు కట్టేసి రెండో నెల నుంచి వెళ్లకపోతే, ఆ డబ్బు పోయిందన్న బాధ ఒకటి అదనం. నా ఓటు నడకకే.

అయితే పార్కులో కబుర్లు చెప్పుకుంటూ తిరిగే నడక చాలదు. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వేగం అంత ఉండాలి. మొదటి వారం నాలుగు రోజులు, రోజుకు 10 నిమిషాలు: ఐదు నిమిషాలు వెళ్లి వెనక్కి తిరగడమే. వారానికి ఐదేసి నిమిషాలు పెంచితే ఐదో వారానికి అరగంట అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాల లెక్క చూసి బెదిరిపోనక్కర్లేదు. 2022లో జామా సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణలో, అందులో సగం, అంటే వారానికి గంటంపావు చురుగ్గా నడిచినంత శ్రమ చేసినవాళ్లలో కూడా, ఏమీ చెయ్యనివాళ్ల కంటే డిప్రెషన్ ముప్పు 18 శాతం తక్కువగా కనబడింది.

ఎక్కువమంది దెబ్బతినేది వేళ దగ్గర. "పొద్దున్నే ఐదింటికి లేచి నడవాలి" అనే పట్టుదల మనింట్లో బలంగా ఉంటుంది. రాత్రి మత్తునిచ్చే మాత్ర వేసుకునేవాళ్లకు ఐదింటికి కాళ్లే ఆడవు. నాలుగు రోజులు తప్పిపోయేసరికి "నా వల్ల కాదు" అని మానేస్తారు. వాళ్లు సాయంత్రం ఎండ దిగాక నడిస్తే సరిపోతుంది. నిద్ర తలకిందులైనవాళ్లకు మాత్రం పొద్దుటి వెలుగు అవసరం. ఎన్నింటికి లేచినా సరే, లేచిన గంటలోపు బయటికి రావాలి.

నడకకు అసలు లోపం ఇంకొకటుంది. ఒంటరిగా నడుస్తుంటే బుర్ర పాత సంగతులే నమిలి నమిలి వదిలిపెట్టదు. రెండు కరెంటు స్తంభాల మధ్య వేగంగా, తర్వాతి రెంటి మధ్య నెమ్మదిగా నడిస్తే ధ్యాస కొంత మళ్లుతుంది.

అప్పటికీ మళ్లకపోతే బరువులదే పైచేయి, ఎందుకంటే ఎన్నిసార్లు ఎత్తామో లెక్క తప్పకుండా చూసుకోవాలి, బుర్ర ఆ పనిలో పడుతుంది. దీనికీ జిమ్ అక్కర్లేదు. కుర్చీలో కూర్చుని చేతుల ఊతం లేకుండా లేవడం, గోడకు పుషప్‌లు, ఐదు లీటర్ల నీళ్ల డబ్బాను నడుము దాకా లాగడం: ఒక్కొక్కటి 8 నుంచి 12 సార్లు, రెండు విడతలు, వారానికి రెండు రోజులు. ఇంకో రెండు చెయ్యగలననిపించినప్పుడే ఆపాలి. మొదటిరోజు ఉత్సాహంగా లాగించేస్తే రెండో రోజు, మూడో రోజు మెట్లు దిగలేరు, అక్కడితో సరి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి. బిగపడితే బీపీ ఒక్కసారిగా పెరిగి కళ్లు తిరుగుతాయి.

ప్యానిక్ ఎటాక్‌లు వచ్చేవాళ్లకు కూడా మొదట బరువులే నయం. పరిగెత్తితే వచ్చే గుండెదడ, ఆయాసం అచ్చం ఎటాక్ లాగే ఉండి బెదరగొడతాయి. బరువుల్లో విడతకూ విడతకూ మధ్య గుండె నెమ్మదిస్తుంది. అలవాటయ్యాక కొద్దికొద్దిగా దడ పుట్టించే వ్యాయామం చేస్తే, ఆ దడంటే ఉన్న భయమే తగ్గుతుంది.

మాత్రల విషయంలో కొంచెం జాగ్రత్త. ఆందోళనకు ప్రొప్రనొలాల్ వాడేవాళ్లకు ఎంత నడిచినా వాచీలో గుండె వేగం పెద్దగా పెరగదు. అంకె కోసం ఇంకా ఉరకకుండా మాట-పాట పరీక్షనే నమ్మాలి. లిథియం వాడేవాళ్లు చెమటలు కక్కేలా ఎండలో చెయ్యకూడదు. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో మందు పెరిగి చేతులు వణుకుతాయి, వాంతులవుతాయి. అలా అయితే వెంటనే డాక్టరుకు చెప్పాలి. 1999లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ పరిశోధనలో 16 వారాల తర్వాత వ్యాయామం, డిప్రెషన్‌కు వాడే సెర్ట్రలిన్ మాత్ర దాదాపు సమానంగా నిలిచిన మాట నిజమే. అక్కడ వారానికి మూడుసార్లు పక్కన ఒకరుండి చేయించారు. అది చదివి సొంతంగా మాత్రలు ఆపేసేవాళ్లున్నారు, ఆ పని చెయ్యకండి. చనిపోవాలన్న ఆలోచనలొస్తుంటే వ్యాయామం సంగతి పక్కనపెట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యండి.

యోగా కూడా మంచిదే, నేర్పేవాళ్లు దొరికితే. ఆందోళన ఉన్నవాళ్లు కపాలభాతి వేగంగా చేస్తే వేళ్లు తిమ్మిరెక్కి, తల తేలిపోతున్నట్టై కంగారు పడతారు. వాళ్లు ఊపిరి నెమ్మదిగా వదిలే పద్ధతులతో మొదలుపెట్టాలి. కళ్లు మూసుకుంటే భయం వేసేవాళ్లు శవాసనంలో కళ్లు తెరిచే ఉంచుకోవచ్చు.

ఈత, బ్యాడ్మింటన్ సరదాగా ఉంటాయి, మనుషులు కలుస్తారు. కానీ కోర్టు బుక్ చేసి, నలుగురినీ పోగేసి, టైముకు వెళ్లేంత ఓపిక కూడదీసుకున్నాకే అవి.