గల్లాపెట్టెలో దొరికిన పులి బొమ్మ అర్ధరూపాయి, దాని అసలు ధర చెప్పిన చార్మినార్ కొట్టు

దిల్‌సుఖ్‌నగర్‌లో మాది టిఫిన్ సెంటర్. ఒక రాత్రి గల్లాపెట్టె చిల్లర లెక్కపెడుతుంటే రూపాయి బిళ్లల్లో ఒకటి చేతికి బరువుగా తగిలింది. తిప్పి చూస్తే పులి బొమ్మ, 1947. రెండోవైపు కిరీటం పెట్టుకున్న ఆరో జార్జి. ఎవరో రూపాయి అనుకుని ఇచ్చారు, మేమూ చూసుకోకుండా వేసుకున్నాం.

మా మరిది వెంటనే ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. పులి ఉంటే మూడు లక్షలట! అందులోని నంబరుకు చేస్తే ముందు రెండు వేల చిల్లర రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమన్నారు, పైగా రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పారు. నేను ఫోన్ లాక్కుని పెట్టేశాను. పాత నాణేల అమ్మకాలతో తనకు సంబంధం లేదని, ఏ ఫీజూ అడగనని 2021లోనే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించింది. దయచేసి ఎవరూ కట్టకండి.

మర్నాడు టిఫిన్లు అయ్యాక చార్మినార్ వెళ్లాను. లాడ్ బజార్ పక్క సందులో ఒక పెద్దాయన కొట్టు ఉంది. ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు. నాణెం ఇవ్వగానే ఆయన ధర చెప్పలేదు. ముందు తూకం వేశారు, 5.8 గ్రాములు. తర్వాత అయస్కాంతం దగ్గర పెడితే టక్కున అతుక్కుంది.

"వెండి కాదమ్మా, నికెల్. వెండికి కరువొచ్చి 1940లో రూపాయిలో వెండి సగానికి తగ్గించారు. 1946కి అసలే తీసేశారు" అన్నారు.

భూతద్దంలో చూసి తలెత్తారు. "చింతపండుతో తోమారా?"

తోమాను. పూజ సామాను తోమినట్టే పీచుతో రుద్దాను. ఆయన అద్దం నా చేతికిచ్చి చూడమన్నారు. రాజు చెంప మీద, పులి వీపు మీద సన్నని గీతలు. మాసిపోయి ఉన్నా సరే, తోమకూడదట. ఆ గీతలతోనే సగం ధర పోతుందట. చాలా బాధేసింది.

"ఇవి బాగానే దొరుకుతాయమ్మా. నేను కొంటే యాభై ఇస్తాను. అదే 1939 వెండి రూపాయి అయితే లెక్క వేరు, కానీ దానికి నకిలీలు ఎక్కువ" అన్నారు. రాముడి బొమ్మతో ఈస్ట్ ఇండియా కంపెనీ 1818 అణా అని అమ్మేవి కూడా అసలు నాణేలే కావట. మా అమ్మమ్మ దాచిన చిల్లుకాణీ చూపిస్తే, 1943 నుంచి వచ్చిన రకమని, పది ఇరవై పలుకుతుందని చెప్పారు. ఇంత చెప్పినందుకు పైసా తీసుకోలేదు.

లోపం ఒకటుంది. ధర నోటిమాటే, కాగితం మీద రాసివ్వరు. అమ్మకానికి రాతపూర్వకంగా కావాలనుకునేవాళ్లకు ఈ కొట్టు పనికిరాదు. మధ్యాహ్నం పన్నెండు దాటితే గానీ తెరవరు కూడా.

అర్ధరూపాయి నేను అమ్మలేదు. మా అబ్బాయికని నిజాం కాలం నాటి చిన్న వెండి నాణెం ఒకటి తీసుకున్నాను, దాని మీద చార్మినార్ బొమ్మ ఉంది. నాలుగు వందల యాభై. డబ్బు తీసుకోకముందే పెద్దాయన అయస్కాంతం నా ముందుకు జరిపి, మీరే చూసుకోండమ్మా అన్నారు. రెండుసార్లు పెట్టి చూశాను, అతుక్కోలేదు.