బటూర్ సన్‌రైజ్ ట్రెక్: సూర్యుడు రాగానే దిగిపోకండి

మన విజయవాడ నుంచి బాలి వెళ్లేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. మాకు తెలిసినవాళ్లలోనే చాలామంది వెళ్లొచ్చారు, కానీ బటూర్ అగ్నిపర్వతం ఎక్కారా అని అడిగితే ఎక్కువమంది "జీపులో వెళ్లి చూశాం" అంటున్నారు. జీపులో చూడటం వేరు, ఎక్కి క్రేటర్, అంటే అగ్నిపర్వతం నోరు, దాని అంచు మీద నడవడం వేరు. అది చెప్పడానికే ఈ రివ్యూ.

ముందు బుకింగ్ సంగతి. మాకు ప్యాకేజీ ఇచ్చిన మన ఊరి ట్రావెల్స్ వాళ్లు కాగితం మీద "వాల్కనో సన్‌రైజ్" అని మాత్రమే రాశారు, గుచ్చి గుచ్చి అడిగితే గానీ అది జీపు టూరని చెప్పలేదు. ఆ జీపులు ఎదురుగా ఉన్న వ్యూపాయింట్‌కి తీసుకెళ్లి, తర్వాత నల్లటి లావా నేల మీద ఒక చుట్టు తిప్పి తీసుకొస్తాయి, క్రేటర్ దాకా పోవు. డబ్బు తీసుకునేటప్పుడే ఈ ముక్క చెప్పాలి కదా, నాకు నిజంగా కోపం వచ్చింది. ఆ ఒక్కటీ ప్యాకేజీలోంచి తీయించేసి, బాలిలోని ఉబుద్ ఊళ్లో మేం దిగిన హోటల్ ద్వారా ట్రెక్ విడిగా మాట్లాడుకున్నాం. అక్కడి ఊళ్లవాళ్లే సంఘంగా ఉండి గైడ్లను పంపుతారు, గైడ్ లేకుండా వెళ్తే కింద ఆపేస్తారు.

కారు రాత్రి రెండింటికి చెప్పిన టైముకే వచ్చింది. ఉబుద్ నుంచి కొండ కిందికి గంట పైనే పడుతుంది. మా గైడ్ ఆ కొండ కింద ఊరి కుర్రాడే. మా బావమరిది "బావా, మీరు అక్కతో నిదానంగా రండి, నేను ముందు పోతా" అంటే అతను ఒప్పుకోలేదు, చీకట్లో అందరూ కలిసే నడవాలి అన్నాడు. మా ఆవిడ ఆయాసపడిన ప్రతిసారీ విసుక్కోకుండా ఆగాడు, రాళ్లు జారే చోట చేయి పట్టుకుని ఎక్కించాడు. ఈ సర్వీసులో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. నచ్చనివి రెండు: వాళ్లిచ్చిన తలలైట్లలో ఒకటి సగం దారిలోనే మసకబారింది, శాకాహారం అని ముందే చెప్పినా పొట్లంలో గుడ్లు పెట్టారు. లైటు మీదే ఒకటి పట్టుకెళ్లండి, తినడానికి కూడా ఏదన్నా మీ బ్యాగులో ఉండనివ్వండి.

కొండ ఎత్తు 1,717 మీటర్లు, కానీ బయల్దేరే చోటే బాగా ఎత్తులో ఉంటుంది కాబట్టి ఎక్కడానికి సుమారు రెండు గంటలు చాలు. మొదట్లో ఉల్లి, టమాటా మడుల పక్కన దారి తేలికగానే ఉంటుంది. చివరి భాగమే కష్టం. దుర్గగుడి మెట్లు ఎక్కే అలవాటున్నవాళ్లకి ఊపిరి సరిపోతుంది, కానీ మెట్టు కాలి కింద కదలదు, ఇక్కడ లావా కంకర కదులుతుంది, ఒక అడుగు వేస్తే సగం వెనక్కి జారుతుంది. పట్టు ఉన్న బూట్లు లేకుండా వెళ్లొద్దు. పైన చలి మన బెజవాడ ఒంటికి గట్టిగానే తగులుతుంది, జాకెట్ తప్పనిసరి.

సూర్యోదయం అందంగా ఉంది, అందులో మాటే లేదు. కింద బటూర్ సరస్సు, అవతల అబాంగ్ కొండ, దాని వెనక ఆగుంగ్ కొండ, ఆకాశం తేటగా ఉంటే సముద్రం దాటి లొంబోక్ దీవిలోని రింజానీ కొండ కూడా. అమ్మకి వీడియో కాల్ చేద్దామనుకున్నాం, అక్కడ ఆరైతే మనకి మూడున్నర, పోనీలే నిద్రపోనీ అని ఊరుకున్నాం. కానీ అక్కడ విపరీతమైన జనం. ఫొటోలు తీసుకుని, కాఫీ తాగి, అందరూ ఒకేసారి కిందికి బయల్దేరతారు.

మీరు అక్కడే ఆగండి. క్రేటర్ అంచు మీద నడక అప్పుడు మొదలవుతుంది. దారి చాలా సన్నం, కొన్నిచోట్ల రెండు వైపులా లోయే, నిదానంగా నడవాలి. నేల పగుళ్లలోంచి ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఆవిరి వస్తూ ఉంటుంది, ఆ వేడి మీదే గైడ్లు గుడ్లు, అరటిపళ్లు ఉడికిస్తారు. కొండ కింద నల్లగా పరుచుకుని కనిపించేది 1963లో పారిన లావా. అంతకుముందు 1926లో వచ్చిన లావా బటూర్ ఊరినే కప్పేసింది, జనం పైన గట్టు మీదికి వెళ్లి ఊరు కట్టుకున్నారు, తమ గుడిని కూడా అక్కడికే మార్చుకున్నారు. పుర ఉలున్ దను బటూర్ అంటే ఆ గుడే. అందులో ఉన్నది సరస్సు దేవత. ఈ సరస్సుకి పైకి కనిపించే కాలువేదీ లేదు, నీళ్లు నేలలోకి ఇంకి కింద ఊటలుగా బయటికొస్తాయి, సుబక్ అనే రైతు సంఘాలు ఆ నీళ్లు పంచుకుని వరి పండిస్తాయి, నీళ్లిచ్చే తల్లి అని ఆ దేవతకే మొక్కుతాయి. 2012లో యునెస్కో ఈ సుబక్ పద్ధతిని ప్రపంచ వారసత్వంగా గుర్తించినప్పుడు ఆ గుడినీ సరస్సునీ కూడా అందులో చేర్చింది. కృష్ణా కాలవ కింద వ్యవసాయం చేసిన ఇంట్లో పుట్టినవాణ్ని, నీళ్ల వంతు కోసం మా నాన్న రాత్రిళ్లు గట్టు మీద కాపు కాయడం చూసినవాణ్ని, గైడ్ ఇదంతా చెబుతుంటే నాకు గొంతు పట్టేసింది. జీపులో వెళ్లుంటే ఇది వినేవాణ్నే కాదు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని మాత్రం ఎక్కించొద్దు, దిగేటప్పుడు ఇంకా ఇబ్బంది, వాళ్లకి జీపే మంచిది. ఏప్రిల్ నుంచి అక్టోబర్ మధ్య వెళ్తే వాన బెడద తక్కువ. వీసా ఆన్ అరైవల్‌కి 5 లక్షల రుపియా (ఇండోనేషియా డబ్బు, మన రూపాయి కాదు), 2024 నుంచి వసూలు చేస్తున్న టూరిస్టు రుసుము లక్షా 50 వేల రుపియా, ఇవి ప్యాకేజీలో ఉన్నాయో లేదో ఇక్కడే అడగండి. దిగాక సరస్సు ఒడ్డున తోయా బుంకాలో వేడి నీటి కొలనులున్నాయి, కాళ్లకి హాయిగా ఉంటుంది.

ట్రెక్‌కి నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర, ఆ అర లైటుకీ తిండికీ తగ్గించాను. బుక్ చేసేటప్పుడు "క్రేటర్ అంచు నడక కూడా కావాలి" అని మెసేజ్‌లోనే రాయించుకోండి, అడగకపోతే చాలామంది గైడ్లు వచ్చిన దారినే దింపేస్తారు.