సంక్రాంతి కార్డుకి పౌడరు మేలా, పుల్ల మేలా?

మద్రాసులో మా ఇంట సంక్రాంతి కార్డుల పని డిసెంబరులోనే మొదలవుతుంది. నెల్లూరు, ఒంగోలు చుట్టాలకి భోగికి ముందే అందాలి కదా. ప్యారిస్ కార్నర్‌లో ఆండర్సన్ వీధికి వెళ్లి శుభలేఖల అట్ట తెచ్చుకుంటాను. దాని మీద బొమ్మో అక్షరమో చేతికి తగిలేలా పైకి లేపడానికి దారులు రెండు. స్టాంపు అచ్చు వేసి, తడి మీద ఎంబాసింగ్ పౌడరు చల్లి, వేడిగాలి చిమ్మే హీట్ గన్‌తో కరిగించడం ఒకటి. కాగితాన్ని వెనక నుంచి గుండుమొన పుల్లతో నొక్కి ఉబ్బెత్తు తేవడం రెండోది. ఏది మేలని నన్నడిగితే, కార్డు మీద ఏం పెట్టబోతున్నారని ముందు అడుగుతాను.

అక్షరాలైతే పౌడరే. కరిగిన పౌడరు గట్టిపడి మెరుస్తుంది, బంగారు రంగుదైతే పెళ్లి శుభలేఖే అనుకుంటారు. కాకపోతే మన లిపితో ఒక చిక్కుంది. దుకాణాల్లో దొరికే స్టాంపులన్నీ ఇంచుమించు ఇంగ్లీషువే. అందుకని ‘సంక్రాంతి శుభాకాంక్షలు’ నేనే రాసి రబ్బరు స్టాంపులు చేసేవాళ్ల చేత చేయించాను. మొదటిది చిన్నదైంది. పౌడరు కరగ్గానే ‘క్రా’ కింద క్రావడి, ‘క్ష’ కింద ష వత్తు పూడిపోయి ముద్దలయ్యాయి. రెండోసారి అక్షరం పెద్దది చేయించి, సన్నగీతల కోసమే అమ్మే నున్నని పౌడరు వాడితే వత్తులన్నీ విడివిడిగా వచ్చాయి.

ఆఫీసు స్టాంపు ప్యాడ్ దీనికి పనికిరాదు. ఆ ఇంకు చప్పున ఆరిపోతుంది, పౌడరు పట్టదు. నిదానంగా ఆరే పిగ్మెంట్ ఇంకో, రంగులేని ఎంబాసింగ్ ఇంకో కావాలి. హెయిర్ డ్రయ్యర్ కూడా వద్దు, దాని గాలికి పౌడరు ఎగిరిపోతుంది, వేడీ చాలదు. పౌడరు మెరిసిన క్షణంలో గన్ పక్కకి తీసేయాలి. ఎక్కువ కాలిస్తే మెరుపు పోతుంది, అట్ట వంగుతుంది. ఇక ఇక్కడి డిసెంబరు తేమకి కాగితం చెమ్మగిల్లి, అచ్చు లేనిచోట కూడా పౌడరు ఇసకలా అంటుకుంటుంది. పల్చటి గుడ్డలో టాల్కం పౌడరు మూటగట్టి, అచ్చు వేసే ముందు అట్టంతా ఒకసారి తట్టుకుంటే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. ఫ్యాన్ కట్టేయడం మరవకండి.

ముగ్గు వేయాలంటే మాత్రం నా ఓటు పుల్లకే. వెనక నుంచి నొక్కేటప్పుడు అక్షరాలైతే అద్దంలోలా తిప్పి రాసుకోవాలి. చుక్కల ముగ్గుకి ఆ గొడవ లేదు, ఎటు నుంచి చూసినా ముగ్గు ముగ్గే. ఖర్చూ లేదు. కింద మెత్తటి ఫోమ్ షీటు, చేతిలో ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను ఉంటే చాలు. 200 జీఎస్‌ఎం (అంటే చదరపు మీటరుకి 200 గ్రాములు తూగే) కాగితం చేతికి బాగా లొంగుతుంది. 300 అయితే వేళ్లు నొప్పెట్టాల్సిందే, మరీ పల్చనిదైతే చిరుగుతుంది. తెల్ల కాగితం మీద రంగు లేకుండా, ఏటవాలు వెలుగులో నీడలతోనే తేలే ముగ్గు నాకెంత ఇష్టమో చెప్పలేను. చూపు మందగించిన మా పెద్దమ్మ కిందటేడు కార్డు మీద వేలు ఆనించి చుక్కలు లెక్కపెట్టిందట.

పిల్లలతో చేయిస్తే పుల్ల తప్ప ఇంకోటి వద్దు, హీట్ గన్‌తో చేతులు కాలతాయి. పోస్టులో మాత్రం పౌడరు అక్షరమే గట్టిది. నొక్కిన ముగ్గు కట్టల బరువుకి కొంత అణిగిపోతుంది, అందుకే కవరులో దాని మీద ఒక పల్చటి ఫోమ్ ముక్క పెడతాను.

రెండూ ఒకే కార్డు మీద కావాలంటే ముందు స్టాంపు వేసి, పౌడరు కరిగించి, పూర్తిగా చల్లారనివ్వండి. ఉబ్బెత్తు మీద స్టాంపు సరిగా పడదు, అందుకే ముగ్గు తరవాత. అదీ అక్షరాలకి ఒక అంగుళం దూరంగా నొక్కండి, దగ్గరగా నొక్కితే గట్టిపడ్డ పౌడరు పగులుతుంది. మడత మీద కూడా పౌడరు పడనివ్వకండి.