వైబ్రో హామర్‌కి నాలుగు స్టార్లు, సర్వీసుకి రెండే

షీట్ పైల్స్ (మట్టి, నీళ్లు ఆపడానికి నేలలోకి దించే పొడవాటి ఉక్కు షీట్లు) వైబ్రేషన్‌తో దించడానికీ పీకడానికీ ఈ హామర్‌ని రెండేళ్లుగా వాడుతున్నాం. క్రేన్‌కి వేలాడదీసి, పక్కన డీజిల్ పవర్ ప్యాక్ పెట్టి, అది హోసుల్లో పంపే హైడ్రాలిక్ ఆయిల్‌తో మోటార్ తిప్పి నడిపే రకం. కంపెనీ పేరు రాయడం లేదు, కింద చెప్పే గొడవ ఏ కంపెనీ హామర్‌కైనా రావచ్చు.

మంచి సంగతి ముందు. నీళ్లున్న ఇసుక నేలలో షీటు చూస్తుండగానే జారిపోతుంది. గట్టి బంకమట్టిలో మొరాయిస్తుంది, కానీ అది దీని తప్పు కాదు, వైబ్రో అంటేనే అంత. నిమిషానికి 30 సెంటీమీటర్లు కూడా దిగనప్పుడు మొండిగా నడిపితే గేర్‌బాక్స్ వేడెక్కడం తప్ప ఒరిగేదేం లేదు, ఆపేసి, మోది దించే ఇంపాక్ట్ హామర్ తెచ్చుకోండి.

ఇక అసలు కథ. ఎనిమిదో నెలలో గేర్‌బాక్స్ చెయ్యి పెట్టలేనంతగా కాలడం మొదలైంది, వైబ్రేషన్ కూడా కాస్త మందగించింది. సైట్ గ్లాస్ (గేర్‌బాక్స్‌లో ఆయిల్ లెవెల్ కనిపించే గాజు) చూస్తే ఆయిల్ నిండుగా ఉంది. ఆయిల్ తగ్గితే అందరం కంగారు పడతాం, పెరిగితే ఎవరికీ అనుమానం రాదు, మాకూ రాలేదు. సర్వీసు మనిషి వచ్చి మోటార్ షాఫ్ట్ సీల్ (షాఫ్ట్ చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రింగు) పోయిందని, హైడ్రాలిక్ ఆయిల్ గేర్ ఆయిల్‌లో కలుస్తోందని తేల్చాడు. అది నిజమే. కొత్త సీల్ వేసి వెళ్లాడు. మూడో రోజుకి అదీ పోయింది. ఈసారి మోటారే మార్చాలన్నాడు. సీల్ ఎందుకు పోతోందని అడిగితే "వైబ్రేషన్ కదా సార్, పోతుంటాయి" అన్నాడు!

కారణం పట్టుకున్నది మా ఆపరేటర్. మోటార్ లోపల కారే ఆయిల్‌ని ట్యాంకుకి తీసుకెళ్లే సన్న హోస్ ఉంటుంది చూడండి, కేస్ డ్రెయిన్, దాని క్విక్ కప్లర్ పూర్తిగా కూర్చోలేదు. సైటు మారినప్పుడు హోసులు విప్పి మళ్లీ బిగించాం, పెద్దవి రెండూ చూసుకున్నాం, చిన్నదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. కప్లర్ సగమే కూర్చుంటే లోపలి వాల్వు సరిగా తెరుచుకోదు, ఆయిల్‌కి దారి లేక మోటార్ కేసులో ప్రెషర్ పెరిగి సీల్‌ని తన్నేస్తుంది, ఆ ఆయిల్ నేరుగా గేర్‌బాక్స్‌లోకి పోతుంది. అక్కడ ఎక్సెంట్రిక్ బరువులు (ఒక పక్కకే బరువుండి, తిరుగుతూ వైబ్రేషన్ పుట్టించేవి) నిమిషానికి వెయ్యిన్నర చుట్లకి పైగా తిరుగుతుంటాయి, ఎక్కువైన ఆయిల్‌ని చిలికి చిలికి వేడెక్కిస్తాయి. కప్లర్ సరిగా బిగించి, సీల్ మార్చి, గేర్ ఆయిల్ మొత్తం తీసి కొత్తది పోశాం. మోటార్ పాతదే, ఇప్పటికీ నడుస్తోంది.

అప్పటి నుంచి హామర్‌ని నిటారుగా నిలబెట్టి, ఆపి, కాసేపయ్యాక రోజూ లెవెల్ చూస్తున్నాం. ఆయిల్ మార్చినప్పుడు డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి ఏం అంటుకుందో కూడా చూస్తాం. పేస్టులాంటి మెత్తటి పొడి మామూలే, పెచ్చుల్లాంటి ముక్కలుంటే బేరింగో గేరో పోతున్నట్టే.

షీటుని పట్టుకునే క్లాంప్ గురించి ఒక్క మాట. దాని దవడల (జా) పళ్లలో మట్టి ఇరుక్కుంటే పట్టు జారుతుంది, షీటు పై అంచు కాలి నల్లబడుతుంది. మేం ప్రెషర్ పెంచబోయాం, చూస్తే వైర్ బ్రష్‌తో పోయే జబ్బు అది. వైబ్రేషన్ పూర్తిగా ఆగేదాకా మాత్రం క్లాంప్ విప్పొద్దు. హోస్ ఎక్కడ కారుతోందో చేత్తో తడిమి వెతకొద్దు, ఆ ప్రెషర్‌కి సన్నటి ధార చర్మంలోకి దూరిపోతుంది, అట్టముక్క వాడండి. పైన, వైబ్రేషన్ క్రేన్‌కి ఎక్కకుండా ఆపే సస్పెన్షన్ రబ్బర్ ప్యాడ్లకి రెండేళ్లలో చిన్న పగుళ్లే వచ్చాయి, డీజిల్, గ్రీజు తగలకుండా చూసుకోవడం వల్లనేమో.

హామర్‌కి ఒక స్టార్ తగ్గించింది సైట్ గ్లాస్‌కే. మరీ కింద, బురద చిందే చోట పెట్టారు, గుడ్డతో తుడిచి వంగి చూస్తే తప్ప లెవెల్ కనిపించదు.