జయనగర్‌లో అమ్ముతున్న పద్మశాలీల పటం: పనితనం బాగుంది, కథకే గండి పడింది

తెలంగాణలోని చేర్యాలలో బట్ట మీద గీసే చేర్యాల బొమ్మలు ఇప్పుడు బెంగళూరులో చాలాచోట్ల దొరుకుతున్నాయి. ఎక్కువగా కల్లు గీసే గౌడ, బతుకమ్మ ఆడే ఆడవాళ్లు ఉన్న చిన్న ఫ్రేములే. జయనగర్ నాలుగో బ్లాకు దగ్గర ఒక హస్తకళల దుకాణంలో మాత్రం పద్మశాలీల కులపురాణం గీసిన నిలువు పటం పెట్టారు. రెండున్నర అడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవు, ఐదు వరుసలు. ధర 14,000 రూపాయలు. పనితనం చూస్తే ఎక్కువేమీ కాదు. అభ్యంతరమల్లా కథ దగ్గరే.

అసలు ఈ తరహా పటం గోడ అలంకారం కోసం పుట్టింది కాదు. చేర్యాలలో నకాషీ చిత్రకారులు గీసిచ్చిన పటాన్ని కూనపులివాళ్లు పద్మశాలీల ఊళ్లకు తెచ్చి, పైనుంచి ఒక్కో వరుసే విప్పుతూ మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. అలాంటి పటం దాదాపు మూడడుగుల వెడల్పు, ముప్పై అడుగులకు మించిన పొడవు ఉంటుంది. ఏ ఊళ్లో ఎవరు చెప్పాలో కుటుంబాల మధ్య హక్కులుండేవి. చిరిగిన పటాన్ని పారేయరు, పూజ చేసి నదిలో కలుపుతారు. గౌడలకు గౌడజెట్టివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు ఇలాగే వాళ్ల వాళ్ల కులకథలు చెబుతారు.

ఈ ఐదడుగుల పటంలో పైవరుసలో గణపతి, తర్వాత శివలింగాన్ని వాటేసుకున్న మార్కండేయుడు, దాని కింద యజ్ఞగుండంలో పుట్టిన పద్మశాలీల మూలపురుషుడు భావనారుషి, సూర్యుడి కూతురు భద్రావతితో ఆయన పెళ్లి, చివర పులి మీద స్వారీ. విష్ణువు నాభికమలం నుంచి తెచ్చిన తామరనారతో భావనారుషి దేవతలకు బట్టలు నేసే ఘట్టమే లేదు. అది లేకపోతే మగ్గానికీ ఈ కులానికీ సంబంధమేంటో చూసేవాళ్లకు తెలిసే దారి లేదు. భావనారుషి నూటొక్కమంది కొడుకుల నుంచి నూటొక్క గోత్రాలు వచ్చాయని కథ చెబుతుంది కదా, ఆ వరుస కూడా వదిలేశారు. జాగా చాలకపోతే గణపతిని పైమూలకు సర్ది తామర ఘట్టం పెట్టి ఉండాల్సింది.

చీటీ మీద ‘తెలంగాణ పల్లె జీవితం’ అని రాశారు. అడిగితే అక్కడి సిబ్బంది ఇది దేవాంగుల కథ అంటున్నారు. కబ్బన్‌పేట దేవాంగ నేతవాళ్లను ఎరిగిన ఊళ్లో ఆ పొరపాటు సహజమే కానీ, దేవాంగుల మూలపురుషుడు దేవలుడు, కులదేవత చౌడేశ్వరి. ఇంత ఖరీదైన వస్తువు అమ్మేవాళ్లు ఈ తేడా తెలుసుకుని తీరాలి.

ఇక బట్ట సంగతి. ముతక ఖాదీ మీద చింతగింజల అంబలి, గంజి, సుద్దమట్టి, తుమ్మజిగురు కలిపిన పూత మూడుసార్లు పూసి, ప్రతిసారీ ఎండబెట్టాలి. పూత మందమైతే చుట్టినప్పుడు అడ్డంగా పగుళ్లిస్తుంది. జిగురు తక్కువైతే పొడి రాలుతుంది. తడిలేని వేలితో అంచు మీద మెల్లగా రుద్ది చూడండి, రంగు అంటకూడదు. ఈ పటం ఆ పరీక్షలో నెగ్గింది. యముడి పాశం గీసిన నల్లగీత మొదట్లో లావుగా, చివర సన్నగా ఉంది. కుంచె ఒత్తిడి మారితే అలా వస్తుంది. వెనక్కి తిప్పితే ఖాదీ నేతలో దారపు ముడులు కనిపించాలి. రంగులు మాత్రం బజారు నీటిరంగులే, ఆ మాట దుకాణంవాళ్లే దాచకుండా చెప్పారు. మెచ్చుకోవాలి.

బెంగళూరు వానాకాలపు చెమ్మకు, గంజికి చేరే వెండిపురుగుకు (సిల్వర్‌ఫిష్) ఈ పూత తట్టుకోదు. బయటి గోడకు తగిలించొద్దు. ఫ్రేము కట్టిస్తే అద్దం రంగుకు తగలకుండా మధ్యలో సన్నపట్టీ వేయించండి. తడిగుడ్డ అసలు వద్దు. దాచాలంటే మడవకుండా, నాలుగంగుళాల లావు గొట్టానికి బొమ్మ బయటివైపు ఉండేలా చుట్టాలి. లోపలికి చుడితే పూత నలిగి చిట్లుతుంది.

ఇంట్లో పద్మశాలి పెద్దలుండి కథ వాళ్లకు కావాలనుకుంటే ఇది కొనొద్దు. అదే దుకాణం ఆర్డరు తీసుకుంటోంది. ఏడు వరుసలు అడగండి, తామరనార, గోత్రాల ఘట్టాలు ఉండాలని, ఏ వరుస తర్వాత ఏది రావాలో కాగితం మీద రాయించి, ఆ తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి.