నంబరు మారిన ల్యాప్‌టాప్: రెండేళ్ల వాడకం తర్వాత

2024లో ఈ మోడల్ వచ్చినప్పుడు మెచ్చుకున్నవాళ్లు తక్కువ. ముందటి ఏడాది ల్యాప్‌టాప్‌లో ఏఎండీ రైజెన్ 7 7840యూ ప్రాసెసర్ ఉంటే, దీనిలో 8840యూ. కొలతలు అవే, బరువు అదే, మూత మీద అదే బూడిద రంగు. ‘స్టిక్కరు మార్చి అమ్ముతున్నారు’ అన్న మాట ఎక్కడ చూసినా కనిపించింది. 2023లో కొన్నవాళ్లు తొందరపడలేదని ఊరట చెందారు. కొత్తదాని కోసం ఏడాది ఆగినవాళ్లు ఉసూరుమన్నారు.

నేను కొన్నాను. నా తమ్ముడి దగ్గర ముందటి మోడల్ ఉంది. రెండూ ఒకే బల్ల మీద పక్కపక్కన పనిచేసిన సందర్భాలు చాలా ఉన్నాయి కాబట్టి పోల్చి చెప్పగలను. తయారీ కంపెనీ పేరు చెప్పడం లేదు. ఇదే ప్రాసెసర్ మార్పుతో అప్పట్లో చాలా కంపెనీలు ల్యాప్‌టాప్‌లు తెచ్చాయి. ఇక్కడ రాసిన వాటిలో సగమైనా వాటికీ వర్తిస్తాయి.

ముందుగా తిట్టినవాళ్ల పక్షాన మాట్లాడాలి, ఎందుకంటే వాళ్ల మాటలో నిజం ఉంది. ఏఎండీ 2022 సెప్టెంబరులో ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు ఒక నంబరు పద్ధతి ప్రకటించింది. నాలుగు అంకెల్లో మొదటిది మోడల్ సంవత్సరం. 7 అంటే 2023, 8 అంటే 2024. అసలు సంగతి మూడో అంకెలో ఉంటుంది. లోపల ఏ తరం కోర్లు, అంటే లెక్కలు చేసే భాగాలు, ఉన్నాయో అది చెబుతుంది. 7840లో మూడో అంకె 4, 8840లోనూ 4. అంటే రెండింటిలోనూ జెన్ 4 కోర్లే. ఎనిమిది కోర్లు, పదహారు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు), 5.1 గిగాహెర్ట్జ్ గరిష్ఠ వేగం, రేడియాన్ 780ఎమ్ గ్రాఫిక్స్, ఇవన్నీ రెండింటికీ సమానమే. ఇదే లెక్కన చదివితే 7520యూ అన్న నంబరు 2023 సరుకుగా కనిపిస్తుంది కానీ లోపల ఉన్నది జెన్ 2. ఆ జెన్ 2 తొలిసారి వచ్చింది 2019లో. దుకాణంలో నిలబడి కొనేవాడి కంటికి మొదటి అంకె ఆనుతుంది, నిజం చెప్పే అంకె మధ్యలో ఇరుక్కుని ఉంటుంది. ఈ పద్ధతిని గందరగోళం అన్నవాళ్లతో నాకు పేచీ లేదు.

ప్రాసెసర్‌లో గట్టిగా మారింది ఒక్కటే. కృత్రిమ మేధ పనుల కోసం ప్రత్యేకంగా పెట్టిన ఎన్‌పీయూ భాగం 10 టాప్స్ నుంచి 16 టాప్స్‌కు పెరిగింది. టాప్స్ అంటే సెకనుకు ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చేయగలదో చెప్పే కొలత. ప్రచారమంతా దీని చుట్టూనే తిరిగింది. ఆ ప్రచారం వేడి చల్లారకముందే, 2024 మే నెలలో మైక్రోసాఫ్ట్ కృత్రిమ మేధ సదుపాయాలు నడిపే కంప్యూటర్లకు ‘కోపైలట్ ప్లస్ పీసీ’ అనే ప్రమాణం ప్రకటించింది. దానికి కావలసింది కనీసం 40 టాప్స్. పదహారుకూ నలభైకీ పొత్తు ఎక్కడ కుదురుతుంది? విండోస్‌లో ఆ తరవాత వచ్చిన ఎన్‌పీయూ ఆధారిత సదుపాయాల్లో ముఖ్యమైనవి ఈ ల్యాప్‌టాప్ దరికి రాలేదు. టాస్క్ మేనేజర్‌లో ఎన్‌పీయూకు ఒక గీత ఉంటుంది. వీడియో కాల్‌లో వెనుక దృశ్యం మసకబార్చినప్పుడు అది కాస్త లేస్తుంది, మిగతా సమయమంతా నేలకు కరుచుకుని పడుకుంటుంది. ఈ రెండేళ్లలో ఆ భాగం కోసం నేను ఎదురుచూసిన పని ఒక్కటీ లేదు.

కీబోర్డు సంగతి. ముందటి మోడల్‌లో కుడివైపు కంట్రోల్ కీ ఉండేది. దాన్ని తీసేసి అక్కడ కోపైలట్ కీ, అంటే మైక్రోసాఫ్ట్ కృత్రిమ మేధ సహాయకుణ్ణి పిలిచే కీ, పెట్టారు. మైక్రోసాఫ్ట్ ఈ కీని 2024 జనవరిలో ప్రకటించింది. దానికి చోటు ఎక్కడ ఇవ్వాలన్నది మాత్రం ల్యాప్‌టాప్ చేసేవాళ్లు తేల్చుకున్న విషయం, నా కోపం వాళ్లమీదే. నా పని పుస్తకాల పేజీలు అమర్చడం. రోజంతా కంట్రోల్ కీతోనే కాపురం. బాణం కీలతో కలిపి ఒక్క కుడిచేత్తో పదం నుంచి పదానికి దూకే అలవాటు ఉన్నవాళ్లకు ఈ మార్పు ఎంత చిరాకో చెప్పనక్కరలేదు. ఆ కీ లోపల పంపే సంకేతం కూడా విచిత్రమైనది: ఎడమ షిఫ్ట్, విండోస్, ఎఫ్23 మూడూ ఒకేసారి నొక్కినట్లు. పవర్‌టాయ్స్ లాంటి మైక్రోసాఫ్ట్ సాధనంతో దానికి వేరే పని అప్పగించవచ్చు. అయినా నొక్కి పట్టుకుని వాడే కంట్రోల్‌కు అది సరైన ప్రత్యామ్నాయం అనిపించలేదు. చివరికి బయటి కీబోర్డు కొన్నాను. సమీక్షల్లో ఈ కీ గురించి రెండు వాక్యాలు మించి రాసినవాళ్లు కనిపించలేదు. వాళ్లు వారం రోజులు వాడి తిరిగి పంపేస్తారు, మనం రోజూ దానితో బతకాలి.

ఇంతదాకా చదివితే ఇది దండగమారి కొనుగోలు అనిపించవచ్చు. కాదు. ఇక్కడి నుంచే తిట్టినవాళ్లతో నా దారి వేరవుతుంది.

ఒకే చిప్పు కదా, వేగమూ ఒకటే ఉండాలి. ఉండదు. ఈ తరగతి ప్రాసెసర్‌ను 15 నుంచి 30 వాట్ల మధ్య ఎక్కడ నడపాలన్నది ల్యాప్‌టాప్ తయారుచేసేవాళ్ల ఇష్టానికి ఏఎండీ వదిలేసింది. వేడిని బయటికి పంపగలిగితే ఎక్కువ వాట్లు ఇస్తారు, లేకపోతే బిగిస్తారు. కొత్త మోడల్‌లో వేడిని మోసుకుపోయే రాగి గొట్టం ఒకటి అదనంగా పెట్టారు, ఫ్యాన్ కూడా మార్చారు. ప్రకటనలో చివరి వరుసలో ఉన్న ఈ మార్పు మొదటి వరుసలో ఉండాల్సింది.

తమ్ముడూ నేనూ బొమ్మలు నిండుగా ఉన్న ఒక పెద్ద పుస్తకాన్ని రెండు ల్యాప్‌టాప్‌ల మీదా ఒకేసారి ముద్రణ పీడీఎఫ్‌గా మార్చడానికి పెట్టాం. ప్రాసెసర్ ఎన్ని వాట్లు తాగుతోందో చూపే సాఫ్ట్‌వేర్ తెర మూలన తెరిచి ఉంచాం. మొదట్లో రెండూ జోడెద్దుల్లా సాగాయి. కాసేపటికి అతని ల్యాప్‌టాప్‌లో అంకె జారడం మొదలై 20 దగ్గర ఆగింది. నాది 28 దగ్గర నిలబడింది. పుస్తకం సగానికి వచ్చేసరికి తేడా కంటికి తెలిసింది. అతని ఫ్యాను సన్నగా ఈల వేస్తోంది, నాది గాలి మోతే తప్ప ఈల లేదు.

“అక్కా, చిప్పు ఒకటే అన్నావుగా?” అన్నాడు.

చిప్పు ఒకటే. చుట్టూ ఉన్నది వేరు. చిన్న పనుల్లో, అంటే ఉత్తరం రాయడం, బ్రౌజరు తెరవడం లాంటి వాటిలో రెండింటికీ తేడా కనిపెట్టినవాళ్లకు నమస్కారం. పని నిమిషాల తరబడి సాగితేనే తేడా బయటపడుతుంది. చిన్న చిన్న పరీక్షలు నడిపి ‘శూన్యం’ అని తేల్చిన సమీక్షలు ఆ మేరకు నిజమే చెప్పాయి, ఆ మేరకే.

మెమరీ, అంటే ర్యామ్ విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. రెండు ప్రాసెసర్లూ 7500 వేగపు ఎల్‌పీడీడీఆర్5ఎక్స్ రకం ర్యామ్‌ను అందుకోగలవు. ముందటి మోడల్‌లో కంపెనీ 6400తో సరిపెట్టింది, కొత్తదానిలో 7500 వేసింది. ఈ ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్ భాగానికి సొంత మెమరీ ఉండదు, అదీ ఈ ర్యామ్ నుంచే పంచుకుంటుంది. ర్యామ్ వేగం పెరిగితే మొదట లాభపడేది గ్రాఫిక్సే. కొత్త ప్రాసెసర్‌లో ఆటలు కాస్త నునుపుగా నడుస్తున్నాయని కొందరు సంబరపడ్డారు. ఆ ఘనత ప్రాసెసర్‌ది కాదు, పక్కనున్న ర్యామ్‌ది. ఈ ర్యామ్ మదర్‌బోర్డుకు అతికించి వస్తుంది, తరవాత పెంచుకునే వీలు లేదన్నది గుర్తుపెట్టుకోవాలి. నేను 32 జీబీ తీసుకున్నాను. తమ్ముడిది 16. పేజీ అమరిక, ఫొటోల సవరణ, బ్రౌజరు కలిపి తెరిస్తే అతనిది డిస్కును అరువు తెచ్చుకోవడం మొదలుపెడుతుంది.

తెర ఇంకో మంచి మార్పు. వెలుగు 300 నిట్ల నుంచి 400 నిట్లకు పెరిగింది (నిట్ అంటే తెర వెలుగును కొలిచే ప్రమాణం). కాగితం మీద ఇది చిన్న అంకె. కిటికీ పక్కన కూర్చుని పగటిపూట పనిచేసేవాళ్లకు మాత్రం పెద్ద సంగతి. తమ్ముడి తెరలో ముదురు రంగు పేజీ తెరిస్తే మన ముఖమే కనిపిస్తుంది. దీనిలో అక్షరాలు కనిపిస్తాయి. సెకనుకు తాజా అయ్యే వేగం 60 నుంచి 120కి పెంచారు. పొడవైన పుస్తకాన్ని కిందికి జరుపుతున్నప్పుడు అక్షరాలు చెదరకుండా ఉండటం బాగుంది. బ్యాటరీ మీద ఉన్నప్పుడు నేను 60కే దించుకుంటాను, ఆ నునుపు కోసం ఛార్జింగ్ ఖర్చు చేయడం నాకు ఇష్టం లేదు.

ఇక ఎవరూ పట్టించుకోని మార్పు. పాతదానిలో రెండు టైప్-సీ పోర్టులూ ఎడమవైపే ఉండేవి. కొత్తదానిలో ఇటొకటి, అటొకటి. ఛార్జరు ఏ వైపు నుంచైనా పెట్టుకోవచ్చు. ప్లగ్గు కుడివైపు ఉన్న ప్రతిచోటా తమ్ముడి తీగ ల్యాప్‌టాప్ వెనక నుంచి తిరిగి, కాఫీ కప్పును చుట్టుకుని వస్తుంది. రెండు పోర్టులూ ఒక పక్కనే ఉండటం వల్ల, కాస్త లావుపాటి పెన్‌డ్రైవ్ పెడితే పక్క పోర్టు మూసుకుపోతుంది కూడా. ఈ ల్యాప్‌టాప్‌లో నన్ను రోజూ సంతోషపెట్టే విషయం ఏదని అడిగితే ఎనిమిది కోర్లు కాదు, ఈ కుడివైపు రంధ్రమే.

కెమెరా 720పీ నుంచి 1080పీకి వచ్చింది, ముఖం చూసి తాళం తీస్తుంది. సరిపోతుంది, అంతకుమించి చెప్పడానికి లేదు. స్పీకర్లు మారలేదు, మారాల్సింది.

‘ఏమీ మారలేదు’ అన్న తీర్పులో నాకు నచ్చనిది ఇంకొకటి ఉంది. అది నిరుడు కొన్నవాడి కళ్లతో ఇచ్చిన తీర్పు. ఏటా ల్యాప్‌టాప్ మార్చేవాళ్లు ఎందరుంటారు? నేను దీనికి ముందు వాడింది ఇంటెల్ ఐ5-7200యూ ఉన్నది. రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు. విండోస్ 11కు అధికారికంగా అర్హత లేని ప్రాసెసర్. విండోస్ 10కు ఉచిత భద్రతా మద్దతు 2025 అక్టోబరు 14తో ముగుస్తుందని ముందే తెలుసు కాబట్టి ఎలాగూ మార్చక తప్పలేదు. అక్కడి నుంచి వచ్చినవాళ్లకు 7840 అయినా, 8840 అయినా చాలా పెద్ద అంగే. మాలాంటివాళ్లకు కావలసిన సమాచారం వేరు: ఈ రెండింటి ధరల తేడా ఎంత, ఆ తేడాకు చేతికొచ్చేది ఏమిటి. వాదులాటల్లో అదే దొరకలేదు.

బ్యాటరీ. రెండు మోడళ్లలోనూ 57 వాట్ అవర్లదే. నేను మొదటి నుంచీ ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకున్నాను, ప్రయాణం ఉన్నప్పుడే నిండుగా ఎక్కిస్తాను. తమ్ముడు ఛార్జరు పెట్టి అలాగే వదిలేస్తాడు. విండోస్ ఇచ్చే బ్యాటరీ నివేదికలో నాది ఇప్పుడు నిండితే 52 వాట్ అవర్లు చూపుతోంది, అతనిది 46. అతనిది ఏడాది పాతది కాబట్టి తేడా అంతా అలవాటు వల్లే అనలేను. అయినా లిథియం అయాన్ బ్యాటరీని ఎప్పుడూ నిండుగా, వేడిగా ఉంచితే తొందరగా అరుగుతుందన్నది తెలిసిన విషయమే. సాధారణ పనికి నాకు ఇప్పటికీ ఏడు గంటల పైన వస్తుంది.

ఒక లోపం గురించి గట్టిగా చెప్పాలి. మూత మూసి సంచిలో పెడితే ఒక్కోసారి అది నిద్రపోదు. సంచి తెరిచేసరికి ల్యాప్‌టాప్ వెచ్చగా, బ్యాటరీ సగానికి పడిపోయి ఉంటుంది. మోడ్రన్ స్టాండ్‌బై అనే ఈ పద్ధతిలో ల్యాప్‌టాప్ పూర్తిగా ఆగదు, ఫోనులా కునుకు తీస్తూ మధ్యమధ్యలో మేలుకుంటుంది. పాత పద్ధతి గాఢనిద్రకు మార్చుకునే వీలు ఈ మోడల్ బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు నడిచే మూల సెట్టింగుల్లో, లేదు. సేవా కేంద్రానికి ఫిర్యాదు చేస్తే విండోస్ మళ్లీ వేసుకోమన్నారు, అన్ని రోగాలకూ అదే మాత్ర. తరవాత వచ్చిన బయోస్ అప్‌డేట్‌తో కాస్త తగ్గింది కానీ పోలేదు. ఇప్పుడు మూత మూస్తే హైబర్నేట్ అయ్యేలా, అంటే పనిని డిస్కులో దాచి పూర్తిగా ఆగిపోయేలా, సెట్టింగు మార్చుకున్నాను. తెరిచినప్పుడు కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, సంచి మాత్రం చల్లగా ఉంటుంది. తమ్ముడిదీ ఇదే తంతు. ఏడాది గడిచి కొత్త మోడల్ తెచ్చినవాళ్లు దీన్ని సరిచేయకుండా ఒక కీ మార్చడానికి తీరిక చేసుకున్నారు.

అరుగుదల మాటకొస్తే, స్పేస్ బార్ మధ్యలో బొటనవేలు పడేచోట అద్దంలా మెరుస్తోంది. అడుగున రబ్బరు పాదం ఒకటి ఊడింది, జిగురుతో అతికించాను. మడత బిగువు తగ్గలేదు, ఒక్క చేత్తో మూత తెరిస్తే అడుగుభాగం ఇప్పటికీ లేవదు.

ఇప్పుడు ఈ రెండు మోడళ్లూ వాడినవిగానో, మిగిలిన సరుకుగానో తక్కువ ధరకు దొరుకుతున్నాయి. ఎప్పుడూ ఒకే బల్ల దగ్గర, బయటి తెరకు తగిలించి, చిన్న పనులకు వాడుకుంటామంటే 7840 మోడల్ తీసుకోండి. కుడి కంట్రోల్ కీ కూడా మిగులుతుంది. ల్యాప్‌టాప్ వెంట తిప్పుకుంటూ, వెలుతురులో కూర్చుని, గంటల తరబడి సాగే పనులు చేసేవాళ్లయితే 8840కి కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు. ఎన్‌పీయూ పేరు చెప్పి ఎక్కువ అడిగితే మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. రెండింట్లో ఏది తీసుకున్నా 8 జీబీ ర్యామ్ ఉన్నది వద్దు. అందులోంచి గ్రాఫిక్స్ వాటా పోగా మిగిలేది ఇప్పటి బ్రౌజర్లకే చాలదు, తరవాత పెంచుకోవడానికి దారీ లేదు.